కొత్త మనిషి ఉద్యోగం

పసిపిల్లల్ని ఏడిపించి జీతం తీసుకున్నవాణ్ణి నేను. మ్యూనిక్‌లో ఒక పరిశోధనశాలలో నా సర్వీసంతా ఇదే పని. నాలుగు ఖండాల పిల్లలు నన్ను చూసి కెవ్వుమన్నారు.

సరే, నాలుగు కాదు. రెండు. మూడో ఖండంలో విమానం మారుతుంటే ఒక పాప ఏడ్చింది గానీ, వాళ్ళమ్మ దాని చేతిలో బిస్కెట్టు లాక్కున్నందుకు ఏడ్చింది. నాలుగోది మాట ఊపులో వచ్చేసింది.

ఈ మధ్య జర్మనీలోనే కాట్‌బస్‌లో మాస్టర్స్ చదువుతున్న ఒక వరంగల్ అమ్మాయి ఫోన్ చేసింది. "అంకుల్, ఈ బేబీ ల్యాబ్‌లల్ల స్కోప్ ఉంటదా?" అంది. "స్కోప్ సంగతి తెలియదమ్మా, డైపర్ల వాసన మాత్రం గ్యారంటీ" అన్నాను. "గట్ల కాదంకుల్, జర సీరియస్‌గ చెప్పుండ్రి" అంది. ఫోన్లో సీరియస్‌గా మాట్లాడటం నాకు చేతకాదు. అందుకే రాస్తున్నాను. ప్రమోషన్ల జోలికి వెళ్ళను. వెళ్ళేంత దూరం కూడా లేదు.

పనేమిటో ముందు చెబుతాను. ఒకే తల్లి కడుపున పుట్టిన ఇద్దరిలో ఒకడు తలుపు చప్పుడైతే ఉలిక్కిపడి ఏడుస్తాడు, రెండోవాడు ఆ తలుపు కేసి ఆసక్తిగా చూస్తాడు. ఒకడికి కోపం వస్తే పూటంతా పోదు, ఒకడికి గిలక్కాయ చూపిస్తే పోతుంది. మాటా నడకా రాకముందే కనిపించే ఈ తీరునే మేము స్వభావం అంటాం. దాన్ని కొలవాలి. జర్మన్ పిల్లల్లో ఒకలా, మన ఆంధ్ర పిల్లల్లో ఒకలా ఉంటే, ఆ తేడా బిడ్డదా, ఇంటిదా అన్నది తేల్చాలి. ఇంతే. తేలిందా అని అడక్కండి.

సిద్ధాంతాలు పుస్తకాల్లో ఉంటాయి. నేను మాత్రం రిటైరయ్యాక, పోయిన వేసవిలో, మా కింది వాటాలో వచ్చిన ఒక చిక్కుతో మొదలుపెడతాను. నా సర్వీసులో అర్థం కానిది నాకు అక్కడే అర్థమైంది.

కింది వాటా రాక్షసుడు

మా కింద ఫ్లాట్‌లో సుహాసిని అనే భీమవరం అమ్మాయి ఉంటుంది. సాఫ్ట్‌వేర్. భర్త ప్రశాంత్ వారమంతా బ్యోబ్లింగెన్ ఆఫీసులో ఉండి శుక్రవారం సాయంత్రం రైలెక్కి వస్తాడు. వాళ్ళకొక బాబు, జోయెల్, అప్పటికింకా ఏడాది నిండలేదు. ఆదివారం తెలుగు ప్రార్థన కూటం అయ్యాక వాళ్ళింటి బిర్యానీ నా డబ్బాలోకి వస్తుంది. మా స్నేహం అలా మొదలైంది.

ఒక రోజు ఆ అమ్మాయి పిల్లాణ్ణి చంకనేసుకుని పైకి వచ్చింది. కళ్ళు ఎర్రగా ఉన్నాయి.

"అంకుల్ గారండీ, కీటా వాళ్ళు వీణ్ణి ఇప్పుడు తీసుకోలేమంటున్నారండి."

కీటా అంటే పగలంతా పసివాళ్ళని చూసుకునే చోటు. మ్యూనిక్‌లో అందులో సీటు దొరకడం అంటే సగం పెళ్ళి కుదిరినంత సంబరం.

"సీటొచ్చిందని స్వీట్లు కూడా పంచావు కదమ్మా?"

"వచ్చిందండి. మొన్న మాట్లాడ్డానికి ఫలానా టైముకి రమ్మని టెర్మిన్ ఇచ్చారు. వీడెలా ఉంటాడు, ఏం తింటాడు, ఎలా పడుకుంటాడు అని అడిగారండి. చెప్పాను. అంతా విని, ఇంత కష్టమైన బాబైతే విడిగా ఒక మనిషి కావాలి, మా దగ్గర మనుషులే లేరు, వచ్చే ఏడాది చూద్దాం అన్నారండి. సెప్టెంబర్‌లో నేను కొత్త కంపెనీలో చేరాలి. వచ్చే ఏడాది దాకా ఆగుతారేంటండీ వాళ్ళు?"

ఈ మాటలు జరుగుతుండగా జోయెల్ నా నేల మీద కూర్చుని, నా చెప్పుని తిప్పి తిప్పి చూస్తున్నాడు, కొనబోయేవాడిలా.

"మీరు పిల్లల్ని కొలిచే డాక్టరు గారు కదండీ. వీణ్ణి ఒకసారి కొలిచి, మామూలోడేనని వాళ్ళకి చెప్పండి, మీకు పుణ్యం ఉంటుంది."

నా ఛాతీ పొంగింది. "జర్మన్లే నన్నడిగి నిర్ణయాలు తీసుకునేవాళ్ళమ్మా, నీ కీటా ఎంత!" అన్నాను. నిజానికి రిటైరయ్యాక ల్యాబు నుంచి వచ్చిన ఫోన్ ఒక్కటే. కాఫీ మిషన్ గది తాళం ఎక్కడ పెట్టానని.

అలవాటైన ప్రశ్నలు అడిగాను.

"నిద్ర?"

"నిద్రా! ఎక్కడండీ బాబూ. రాక్షసుడండి."

"తిండి?"

"ముద్ద ముట్టడండి."

"కొత్తవాళ్ళ దగ్గరికి?"

"అస్సలు వెళ్ళడండి."

ముద్ద ముట్టని ఆ రాక్షసుడి మోచేతుల దగ్గర మడతలు పడి ఉన్నాయి. వాడప్పటికి చెప్పు వదిలేసి, నా పంచె పట్టుకుని పైకి లేస్తున్నాడు. అయినా నేను తల్లినే నమ్మాను. నవ్వకండి, ఇది మా వృత్తి నియమం. నువ్వు చూసేది కాసేపు, తల్లి చూసేది రాత్రింబవళ్ళు. ఈ రోజు అలిసిపోయి నెమ్మదిగా ఉన్నాడేమో, పాపం కష్టమైన పిల్లాడే, అనుకున్నాను. "ఇంట్లో ఒకసారి చూడాలమ్మా, వస్తాను" అని పంపేశాను.

అంత చదివిన మనిషికి ఎదురుగా ఉన్నది కనబడకపోవడం ఎలా జరుగుతుందో చెప్పాలంటే, వెనక్కి వెళ్ళాలి.

మీసం

నన్ను ఉద్యోగంలోకి తీసుకున్నది ప్రొఫెసర్ కెస్ట్‌నర్. పొడుగాటి మనిషి, ఇస్త్రీ చొక్కా, ఆపిల్ తింటే గింజలతో సహా తినేది. నా గణితం చూసి నన్ను ఎంచుకుందని చాలాకాలం అందరికీ చెప్పాను. జరిగింది వేరు. ఇంటర్వ్యూ రోజు నేను అద్దాల గది పక్కన నిలబడి ఉంటే, లోపలున్న ఒక పాప నా మీసం చూసి గుక్కపట్టి ఏడ్చింది. కెస్ట్‌నర్ బయటికి వచ్చి నన్ను పైనుంచి కిందికి చూసి, "సోమవారం నుంచి రండి" అంది.

అలా నేను కొత్త మనిషినయ్యాను. అదే నా పని పేరు. మన ఇళ్ళలో "పిల్లాడికి కొత్త ఎక్కువ" అంటాం చూడండి, ఆ కొత్తని కొలవడానికి ఒక మనిషి కావాలి కదా. గదిలో తల్లి ఒక మూల కుర్చీలో కూర్చుంటుంది, మాట్లాడకూడదు. బిడ్డ మధ్యలో. నేను తలుపు తీసుకుని లోపలికి వస్తాను. నవ్వకూడదు. కాసేపు నిలబడాలి. నెమ్మదిగా దగ్గరికి వెళ్ళి చెయ్యి చాపాలి. కెమెరా తిరుగుతూ ఉంటుంది. తర్వాత ఆ ఫిల్మ్‌ని ముందుకూ వెనక్కీ తిప్పి చూసేవాళ్ళం. కనుబొమ్మ ఎక్కడ ముడిపడింది, కింది పెదవి ఎక్కడ వణికింది, అమ్మ వైపు ఎప్పుడు చూసింది.

మొదటి నెలలు నాకు అన్నం సయించలేదు. పగలంతా పిల్లలు నన్ను చూసి ఏడవడమే. దేశం కాని దేశంలో జీతమిచ్చి మరీ పరాయివాణ్ణి చేశారనిపించేది. ఒక రోజు కెస్ట్‌నర్‌తో అనేశాను. ఆమె ఆపిల్ నములుతూ, "ఆ పాప నిన్ను తిట్టడం లేదు, తన సంగతి నీకు చెబుతోంది. విను" అంది. ఈ రంగంలోకి వచ్చేవాళ్ళకి నేను ఇవ్వగలిగిన పాఠం అదే. బిడ్డ ఏడిస్తే మనసు కష్టపెట్టుకోకండి, చెవి పెట్టండి.

ఆమెలో లోపమూ చెప్పాలి. గదిలో ఉన్న తల్లి నోరు విప్పితే ఒప్పుకునేది కాదు. అదే తల్లి ఇంటికెళ్ళి మా ప్రశ్నలకు రాసి పంపిన జవాబుల్ని మాత్రం కళ్ళకద్దుకునేది. ఒక జర్మన్ పిల్లాడు నా కళ్ళజోడు లాగి, ఆపిల్ గుజ్జు కెమెరా మీదికి విసిరి, ఇల్లెగిరిపోయేలా అరిచి వెళ్ళాడు. వాళ్ళమ్మ "చాలా నిలకడైన బాబు" అని రాసింది. కెస్ట్‌నర్ ఆ రెండూ పక్కపక్కన పెట్టుకుని, "ఆ రోజు వాడికి ఒంట్లో బాగాలేదేమో" అంది. నేనూ అంతేనన్నాను. బాస్ కదా.

చీరాలలో కొత్తవాడు దొరకలేదు

తర్వాత మన వైపు పిల్లల్ని చూడాలన్నారు. "మా చీరాలలో ఎంతమంది కావాలంటే అంతమంది పిల్లలు, నేను చిటికేస్తే వస్తారు" అన్నాను. చిటికె వేసింది నేను కాదు, మా అక్క. చేనేత వీధిలో ఒకసారి అటూ ఇటూ నడిచి వచ్చింది, అంతే. పిల్లలే కాదు, వాళ్ళతో నాయనమ్మలు, మేనత్తలు, పక్కింటివాళ్ళు.

మొదటి ఇల్లు. మగ్గం చప్పుడు ఆపించాం. బాబు చాప మీద ఉన్నాడు. నేను రాతి ముఖం పెట్టుకుని గుమ్మం దాటబోతున్నాను. లోపల్నుంచి నాయనమ్మ కేక.

"ఒరే చిన్నోడా, అదిగో, జర్మనీ మావయ్య వచ్చాడు చూడు!"

వాడు రెండు చేతులూ చాపాడు. పరీక్ష అయిపోయింది.

"అవ్వా, నువ్వు మాట్లాడకూడదు" అన్నాను.

"ఎందుకు మాట్లాడకూడదు?"

"నేను కొత్తవాణ్ణి కదా, వాడికి కొత్తగానే ఉండాలి."

"ఇంటికొచ్చిన మనిషిని ఎవరో చెప్పకుండా బిడ్డ మీదికి వదులుతారా? ఏందయ్యా మీ చదువులు!"

రెండో ఇంట్లో ఆ వీధికి కొత్తగా వచ్చిన పోస్ట్‌మన్‌ని బతిమాలి పంపాను. "తాతొచ్చాడు, తాత" అన్నారు. ఆయనకి నా వయసు కూడా లేదు. పాపం, రోజంతా మొహం ముడుచుకుని తిరిగాడు.

చివరికి కెస్ట్‌నర్ తానే వెళతానంది. ఇంతకంటే కొత్త మనిషి భూమ్మీద దొరకదని నాకు సంతోషం. నియమం ప్రకారం లోపలికి వెళ్ళింది, నవ్వకుండా నిలబడింది. గదంతా ఒక్కసారి నిశ్శబ్దం. పాప కనుబొమ్మ ముడిపడుతోంది. అదిగో, అదిగో అనుకుంటున్నాను. కిటికీలోంచి తొంగిచూస్తున్న పక్కింటి పిల్ల, "అత్తే! తెల్లత్త!" అంది. ఆడవాళ్ళంతా పకపకా నవ్వారు. పాప వాళ్ళమ్మ నవ్వే ముఖం చూసింది, కెస్ట్‌నర్ ముఖం చూసింది, తనూ నవ్వింది. అప్పుడు కెస్ట్‌నర్ నవ్వింది. ల్యాబులో ఆ నవ్వు నేనెప్పుడూ చూడలేదు. చాప మీద కూర్చుంది. పాప ఆమె ఒళ్ళో నిద్రపోయింది. కదిలితే లేస్తుందేమోనని కదల్లేదు. కాళ్ళు తిమ్మిరెక్కి, చివరికి నేనూ మా అక్కా చెరో రెక్కా పట్టుకుని లేపాల్సి వచ్చింది.

ఆ సాయంత్రం మా అక్కయ్య పెరట్లో మంచం మీద కూర్చుని కెస్ట్‌నర్ అంది: "మ్యూనిక్‌లో మనం తల్లుల్ని మాట్లాడొద్దన్నాం. అందుకే అక్కడ కొత్త మనిషి తయారయ్యాడు. ఇక్కడ ఎవరూ నోరు మూసుకోరు, కొత్త మనిషే లేడు. ఇన్నాళ్ళూ మనం కొలిచింది ఏమిటి?"

దానికి నేను చెప్పిన గొప్ప జవాబు చాలా సభల్లో వినిపించాను. ఆ జవాబు నిజానికి తిరుగు ప్రయాణంలో తట్టింది. ఆ సాయంత్రం నేనన్నది, "ఇంకొంచెం మజ్జిగ పోయించమంటారా?"

మిగిలిన చిక్కు తల్లుల జవాబులతో వచ్చింది. ప్రశ్నల్ని తెలుగు చేసింది నేనే. చీరాల తల్లుల జవాబులన్నీ ఒక చోట చేర్చి చూస్తే, ప్రపంచంలోకెల్లా గడుగ్గాయిలు ఆ వీధిలోనే పుట్టినట్టు తేలింది. నిద్రపోరు, తినరు, ఎత్తుకున్నా ఊరుకోరు. ఫిల్మ్‌లో చూస్తే అదే పిల్లలు ఒళ్ళల్లో బొజ్జలు నిండి పడుకుని ఉన్నారు. కెస్ట్‌నర్ నా తెలుగుని అనుమానించింది. నాకు ఒళ్ళు మండింది. ఇంకొకరి చేత మళ్ళీ రాయించి, మళ్ళీ అడిగించాం. మళ్ళీ రాక్షసులే. చివరికి ఆ జవాబుల్ని పక్కన పెట్టేసి, ఫిల్మ్‌ల గురించి మాత్రం రాసుకున్నాం. ఆ వీధిలో పుట్టి పెరిగిన నాకు ఆ గుట్టు ఎప్పుడో తెలుసని తర్వాత కుర్రవాళ్ళ దగ్గర కోతలు కోశాను. తెలియలేదు. పెళ్ళి లేదు, పిల్లల్లేరు, చిన్నప్పుడే ఊరు వదిలాను. ఆడవాళ్ళ మధ్య మాట నా చెవిన పడలేదు.

మెటికలు

సుహాసిని వాళ్ళింటికి వెళ్ళాను. వంటగదిలో ఒక మూల స్టూలు వేసుకుని మధ్యాహ్నమంతా కూర్చున్నాను. జోయెల్ పప్పన్నం తిన్నాడు, మళ్ళీ పెట్టమని గిన్నె లాక్కున్నాడు. వాళ్ళమ్మ వాక్యూమ్ క్లీనర్ తిప్పుతుంటే దాని పక్కనే నిద్రపోయాడు. లేచాక పార్సిల్ తెచ్చిన కుర్రాడికి తను నాకిన బిస్కెట్టు తీసి ఇచ్చాడు. వృత్తి, నియమం అన్నీ మర్చిపోయి అనేశాను.

"అమ్మాయ్, బంగారం లాంటి పిల్లాడమ్మా! ఇంత నెమ్మదైన బిడ్డని నా సర్వీసులో చూడలేదు."

ఆ పిల్ల ముఖంలో రంగు పోయింది. చేతిలో గిన్నె కింద పెట్టి, రెండు చేతులూ వాడి తల చుట్టూ తిప్పి, తన కణతలకి ఆనించి పటపటా మెటికలు విరిచింది.

"అలా అనకండి అంకుల్ గారండీ, ప్లీజ్."

"ఏమైందమ్మా?"

"ఏం లేదండి. నిన్నంతా ఒకటే పోరండి వీడు. రాక్షసుడు."

"నిన్నేం పోరు పెట్టాడు?"

వాడి మూతి తుడిచి, "పోరేం లేదండి" అంది.

"చర్చికి వెళ్తావు కదా. దిష్టి నమ్ముతావా?"

"నమ్మనండి! పాస్టర్ గారి మనవరాల్నండి నేను. వీడికి నల్లబొట్టు కూడా పెట్టను."

"మరి ఆ మెటికలు?"

తన చేతుల వైపు, అవి ఇంకెవరివో అన్నట్టు చూసుకుంది. "అవి వాటంతటవే విరుగుతాయండి."

తర్వాత జోయెల్‌ని ఒళ్ళోకి లాక్కుని, నా వైపు చూడకుండా చెప్పింది. "వీడికి ముందు ఒకటి నిలవలేదండి. అప్పుడు అందరికీ ముందే చెప్పేసుకుని మురిసిపోయాను. ఇప్పుడు వీడు మంచోడు, బాగా తింటాడు అని నా నోటితో అనలేనండి. నమ్మకం కాదండి. నోరు రాదు."

నాకు చీరాల వీధి మొత్తం కళ్ళముందు నిలబడింది. ముక్కూ మొహం తెలియని వాళ్ళు ఎక్కడో జర్మనీలో కూర్చుని చదివే కాగితం మీద, "మా బిడ్డ హాయిగా నిద్రపోతాడు" అని ఏ తల్లి రాస్తుంది? వాళ్ళు కాగితం మీద నల్లబొట్టు పెట్టారు. మేము దాన్ని స్వభావం అనుకుని కొలిచాం. కష్టమైన పిల్లలని మేం తేల్చిన వాళ్ళు, ఇంట్లో కళ్ళలో పెట్టుకుని దాచుకున్న పిల్లలు. తల్లి అబద్ధం చెప్పదు, అలాగని ప్రశ్నకి జవాబూ చెప్పదు. దేనికి భయపడి అలా చెబుతోందో ముందు అది కనుక్కోండి, కొలత తర్వాత.

కెస్ట్‌నర్‌కి చెప్పాలని చెయ్యి ఫోన్ మీదికి వెళ్ళింది. ఆవిడ పోయి చాలా రోజులైందని అప్పుడు గుర్తొచ్చింది.

"అమ్మాయ్, కీటాలో ఈ రాక్షసుడి కథే చెప్పావా?"

"ఇంకేం చెప్తానండీ" అంది.

చిన్న కుర్చీలు

మళ్ళీ టెర్మిన్ దొరికింది. కోటు వేసుకుని నేనూ వెళ్ళాను. కీటా పెద్దావిడ ఫ్రావ్ లిండ్‌నర్‌కి సంస్కృతి, శిశు స్వభావం అనే విషయం మీద గంటసేపు ఉపన్యాసం ఇచ్చాను. గంట కాదు లెండి, మూడు వాక్యాలు. పిల్లల కుర్చీలో కూర్చుంటే నా మోకాళ్ళు గడ్డానికి తగులుతుంటే ఉపన్యాసం ఎలా వస్తుంది?

ఆవిడ మర్యాదగా విని, "మీరు పైవాటా ఆయన. పిల్లాడి గురించి నాకు తల్లి చెప్పాలి" అంది. నా సర్వీసంతా నేను పాటించిన నియమమే నా ముఖాన కొట్టింది.

సుహాసిని నా వైపు చూసింది. నేను చెయ్యగలిగింది ఏమీ లేదు. జోయెల్ కింద చెక్క దిమ్మలతో ఆడుతున్నాడు.

"వాడు బాగా నిద్రపోతాడు" అంది జర్మన్‌లో, ముల్లు తీసుకుంటున్నట్టు. ఆగింది. "బాగా తింటాడు." మళ్ళీ ఆగింది. "ఎవరి దగ్గరికైనా వెళ్తాడు. మంచి పిల్లాడు."

బల్ల కింద పటపటమని చప్పుడు.

"మరి పోయినసారి వేరేగా చెప్పారే?"

"మా వైపు పైకి అనుకోమండి. అంటే ఏదైనా అవుతుందని... భయం."

ఫ్రావ్ లిండ్‌నర్ జాలిగా నవ్వింది. "ఇక్కడ మాకు అలాంటి పట్టింపులు లేవు. మీరు ధైర్యంగా చెప్పొచ్చు." క్యాలెండర్ తిప్పింది. "సెప్టెంబర్ అన్నారు కదా. మొదట్లో రోజూ కాసేపు మీరూ వాడితో కూర్చోవాలి. అలవాటయ్యాక వదిలి వెళ్ళొచ్చు. నిజానికి మంచి సమయమే. మామూలుగా ఈపాటికి సగం మంది పిల్లలు వాంతులతో ఇంట్లో ఉండాలి, ఈ ఏడాది ఇంతవరకూ ఒక్కరికి కూడా..."

అని, మాట పూర్తి కాకముందే వేళ్ళు ముడిచి బల్ల చెక్క మీద టక్ టక్ టక్ మని కొట్టింది. "టోయ్ టోయ్ టోయ్."

అన్న మంచి మాట చెడకుండా జర్మన్లు అలా చెక్క కొట్టడం నా సర్వీసంతా చూశాను. మా ల్యాబులో కెస్ట్‌నర్ కూడా కొట్టేది. ఒక్కసారైనా చీరాల గుర్తు రాలేదు.

సుహాసిని ఆ చేతి వైపు చూసింది. ఫ్రావ్ లిండ్‌నర్ కూడా తన చేతి వైపే చూసుకుంది. ముందు ఎవరు నవ్వారో చెప్పలేను. ఆ నవ్వులకి జోయెల్ తలెత్తి ఇద్దర్నీ చూసి, తన చేతిలో దిమ్మతో నేల మీద గట్టిగా కొట్టాడు. నేను మాత్రం శాస్త్రజ్ఞుణ్ణి కదా, నిబ్బరంగా కూర్చున్నాను. కూర్చున్నాను నిజమే. నా చెయ్యి కూడా ఆ చెక్క బల్ల కిందే ఉంది.

సెప్టెంబర్ వచ్చింది, ఆ అమ్మాయి ఉద్యోగంలో చేరింది. సాయంత్రం ఆలస్యమైన రోజుల్లో కీటాకి నేనే వెళ్ళి పిల్లాణ్ణి U-బాన్ మెట్రోలో తీసుకొస్తాను. నన్ను చూడగానే వాడు ఏం చేస్తాడో కెమెరా లేదు, రాయను.

కాట్‌బస్ అమ్మాయి నిన్న మళ్ళీ ఫోన్ చేసి, "గా చిన్నోడు ఎట్లున్నడు అంకుల్?" అంది.

ఏం చెప్పమంటారు? నిద్రపోడమ్మా, ముద్ద ముట్టడు. రాక్షసుడు.